కన్నులు పలికిన కాలము, నోరు పలికిన కాలము

ఒక విద్యయందు ఆరితేరి కీర్తిశిఖరమున నిలిచియున్న వ్యక్తిని, 'నీ విద్య నేటితో పనికిరాకపోయినది, మరల ఓనమాలు దిద్దుకొనుము' అని కాలము శాసించినచో ఆ వ్యక్తి యేమి చేయును? కొందఱు కోపించి లేచిపోవుదురు. కొందఱు గతవైభవమును తలంచుకొనుచు మూల గూర్చుందురు. ఏ కొందఱో మాత్రము సిగ్గుపడక పలక చేతబట్టుదురు. 1931వ సంవత్సరమున బొంబాయి నగరమునందు ఒక నటీమణికి ఈ పరీక్ష సంప్రాప్తమయ్యెను. అప్పటికామె భారతదేశపు చలనచిత్రతారలలో అగ్రగణ్య. తెరమీది పేరు సులోచన. పుట్టినప్పటి పేరు రూబీ మేయర్స్. ఆ పరీక్షకు ఆమె చెప్పిన సమాధానమేమి, ఆమెకు ఆ వృత్తియు, ఈ దేశమును చెల్లించిన ప్రతిఫలమేమి అను రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

సినిమాతారల చరిత్ర పెద్దలు చదువు పుటలలో చర్చింపదగినదా యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. శంక సహజమే. కాని చలనచిత్రము వినోదము మాత్రమే కాదు. అది యొక పరిశ్రమ, వేలకొలది జనుల జీవనాధారము. అందు యంత్రము మాఱినప్పుడు మనుష్యుల బ్రతుకులు మాఱును. మగ్గము స్థానమున మర నిలిచిననాడు సాలెవాని గతియేమాయెనో విచారించిన మనము, మూకచిత్రము స్థానమున మాటలచిత్రము నిలిచిననాడు నటులగతి యేమాయెనో విచారించుట తప్పు కాజాలదు. పైగా ఈ మార్పునందు యంత్రముతోపాటు భాష యను మఱియొక చిక్కు చేరినది. భాషాప్రశ్న మనకెవ్వరికిని క్రొత్త కాదు.

రూబీ మేయర్స్ 1907లో పూనాలో జన్మించెను. ఆమె వంశీయులు బాగ్దాదు ప్రాంతమునుండి వచ్చి పశ్చిమభారతమున స్థిరపడిన యూదులు. యౌవనమున నామె టెలిఫోను కార్యాలయమున ఆపరేటరుగా ఉద్యోగము చేయుచుండెను. కోహినూర్ ఫిల్ము కంపెనీకి చెందిన దర్శకుడు మోహన్ భవనానీ ఆమెను చూచి చిత్రములలో నటింప పిలిచెను. ఆమె మొదట నిరాకరించెను. నిరాకరణమున వింత లేదు. ఆ దినములలో స్త్రీ తెర కెక్కుట గౌరవహీనమని లోకము తలంచెడిది. 1913లో దాదాసాహెబు ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు చంద్రమతీదేవి పాత్రకు స్త్రీ దొరకక సాళుంకే యను పురుషుడు చీర కట్టవలసివచ్చెను. తరువాత పదియేండ్లకుకూడ కులస్త్రీల గృహద్వారములు సినిమాకు తెఱువబడలేదు. కావుననే యూదులు, ఆంగ్లోయిండియనులు మున్నగు చిన్న సమాజముల యువతులు ఈ వృత్తిలో ప్రవేశించిరి. కలకత్తాలో పేషెన్స్ కూపరు, రెనీ స్మిత్తు ఆ తెగవారే. రెనీ స్మిత్తునకు సీతాదేవి యని పేరిడిరి. భవనానీ మఱల మఱల కోరగా రూబీ మేయర్స్ ఎట్టకేలకు సమ్మతించి 1925లో తెర కెక్కినది. ఆమె సులోచన యయ్యెను.

ఇచ్చట విధి చేసిన చమత్కారమును పాఠకులు గమనింపగోరెదము. ఆమె విడిచిన టెలిఫోను ఉద్యోగమున ముఖముతో పనిలేదు, గొంతు మాత్రమే కావలెను. ఆమె చేరిన మూకచిత్రమున గొంతుతో పనిలేదు, ముఖము మాత్రమే కావలెను. ఆఱేండ్లు గడచిన పిమ్మట ఆ క్రొత్తవృత్తియే మరల ఆమె గొంతు నడిగినది. అయితే వేఱొక భాషలో నడిగినది.

సులోచన యనగా చక్కని కన్నులు గలది యని యర్థము. తెలుగున మనము ముక్కుమీది అద్దములకుగూడ సులోచనములని పేరిడితిమి గాని, ఆ నటికి ఆ పేరు అన్వర్థమే. మూకచిత్రమున కన్నులే నోరు. కోపము, ప్రేమ, భయము, పరిహాసము సమస్తమును చూపులతోనే పలుకవలెను. తెరమీద నడుమ నడుమ అక్షరములు కనబడుచుండును. ఒకే చిత్రమునకు రెండు మూడు భాషలలో ఆ అక్షరములు వ్రాయించెడివారు. చదువురానివారి కొఱకు హాలులో నొకడు నిలువబడి వానిని బిగ్గరగా చదివి వినిపించుటయు కలదు. లాహోరులో చూపినను, రాజమహేంద్రవరములో చూపినను అదే బొమ్మ, అదే చూపు. అక్షరములు మార్చినచో చాలును. ఇన్ని భాషలు గల దేశమున ఒక నటి అందఱి నటి యగుటకు మౌనమే కారణమైనది. సులోచన కీర్తికి పునాది ఆ మౌనము.

ఆ పునాదిమీద ఆమె కట్టిన మేడ సామాన్యమైనది కాదు. 1926లో వచ్చిన 'టెలిఫోన్ నీ తరుణి', 'టైపిస్టు గర్ల్' మున్నగు చిత్రములు నగరమున ఉద్యోగము చేయు నవీనయువతిని తెరపైకి తెచ్చినవి. పురాణపత్నులను, రాణులను మాత్రమే చూచుచుండిన ప్రేక్షకులకు ఇది క్రొత్త. తన పూర్వోద్యోగమునే ఆమె పాత్రగా ధరించుట మఱియు క్రొత్త. 1927 నాటి 'వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే'లో ఆమె ఎనిమిది వేషములు వేసెను. తోటమాలి, పోలీసు, హైదరాబాదు పెద్దమనిషి, వీధిబాలుడు, తెల్లదొరసాని, అరటిపండ్లమ్మెడి అవ్వ, ఆరితేరిన జేబుదొంగ ఆ వేషములలో కొన్ని. ఇట్టి ప్రజ్ఞ యందము మాత్రముచేత సిద్ధించునది కాదు.

పిమ్మట ఆమె ఆర్దేషిర్ ఇరానీ 1926లో స్థాపించిన ఇంపీరియల్ కంపెనీలో చేరెను. 1928లో 'మాధురి', 'అనార్కలి', 1929లో 'ఇందిరా బి.ఏ.' వెలువడినవి. 'అనార్కలి' విషయమున నొక పందెమే జరిగెను. అదే కథను మఱియొక కంపెనీవారు సీతాదేవి కథానాయికగా ఆర్భాటముతో తీయుచుండగా, ఇంపీరియల్‌వారు ఆర్.ఎస్. చౌధురి దర్శకత్వమున త్వరత్వరగా తమ చిత్రమును ముగించి ముందే విడుదల చేసి పందెమును గెలిచిరి. డి. బిలిమోరియాతో గూడి సులోచన నటించిన చిత్రములకు జనము విరుగబడెడిది.

ఆమె వేతనము నెలకు అయిదువేల రూపాయలని చెప్పుదురు. అది బొంబాయి గవర్నరు జీతమునకు మించినదను ప్రవాదము నేటివఱకు గ్రంథములలో తిరుగుచున్నది. లెక్క చూచినచో ఆ మాట నిలువదు. 1935 నాటి ఇండియా ప్రభుత్వచట్టము ప్రకారము బొంబాయి గవర్నరు జీతము సంవత్సరమునకు 1,20,000 రూపాయలు, అనగా నెలకు 10,000. అయినను ఒక నటి సంపాదన ముచ్చటకు వచ్చినప్పుడు జనులు గవర్నరును తులామానముగ పెట్టుకొనిరన్న, ఆమెయెడ వారికిగల అబ్బురమెట్టిదో తెలియుచున్నది. ప్రవాదము అసత్యమైనను, అది పుట్టించిన ఆశ్చర్యము సత్యమే.

ఆమె ప్రతిష్ఠ ఎంతవఱకు వ్యాపించినదో తెలుపు వృత్తాంత మింకొకటి కలదు. మహాత్మాగాంధి ఖద్దరు ప్రదర్శన మొకదానిని ప్రారంభించుటను చూపెడి చిన్న చిత్రమును ప్రదర్శించినప్పుడు, దానికి తోడుగా 'మాధురి'లోని సులోచన నృత్యమును ధ్వని జోడించి చూపిరని చిత్రచరిత్రకారులు వ్రాయుచున్నారు. ఖద్దరు ప్రక్కన నాట్యము నిలుచుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని ప్రజలను హాలునకు రప్పింపగల పేర్లేవియో ప్రదర్శకులకు చక్కగా తెలియును. మూగబొమ్మకు బయటినుండి శబ్దము నతికించిన ఆ ప్రదర్శనము రాబోవు కాలమునకు సూచన.

ఇప్పుడు 1927 నాటి చిత్ర మొకదానిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దాని పేరు 'బలిదాన్'. రవీంద్రనాథఠాకూరుగారి నాటకము దాని కాధారము. దర్శకుడు నావల్ గాంధీ. టి. రంగాచారిగారి అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన సినిమా విచారణసంఘము సైతము దానిని మెచ్చుకొనెను. అందు ముఖ్యపాత్రలు ధరించిన వారిలో ముగ్గురు: సులోచన, జుబేదా, మాస్టర్ విఠల్. యూదవనిత యొకతె, గుజరాతునందలి సచిన్ నవాబు కుమార్తె యొకతె, మహారాష్ట్ర వీరుడొకడు. మువ్వురును ఒకే తెరమీద నటించిరి. ఎవరి భాష యేదియని అడిగినవారు లేరు. అడుగవలసిన పనియు లేదు. నాలుగేండ్లలో ఆ ముగ్గురి జాతకములను భాషయే తిరుగవ్రాసినది.

అమెరికాలో 1927 అక్టోబరు 6వ తేదీన 'జాజ్ సింగర్' చిత్రము వెలువడినది మొదలు మాటలచిత్రముల యుగ మారంభమయ్యెను. ఆర్దేషిర్ ఇరానీ 'షో బోట్' అను సగము మాటలచిత్రమును బొంబాయిలో చూచి, మనదేశమునను అట్టిది తీయవలెనని సంకల్పించెను. పార్సీ రంగస్థలమునకై జోసెఫ్ డేవిడ్ వ్రాసిన నాటకము కథగా 'ఆలం ఆరా' నిర్మాణ మారంభమయ్యెను. స్టూడియో ప్రక్కనే రైలుపట్టాలుండుటచేత పగలు పనిసాగదు. బండ్లు నిలిచిపోయిన అర్ధరాత్రివేళ చిత్రమును తీసిరి. మైక్రోఫోనులను నటుల సమీపమున కంటబడకుండ దాచిరి. 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ఆ చిత్రము విడుదల కాగా జనసమ్మర్దమును అదుపుచేయుటకు పోలీసులు రావలసివచ్చెను. నాలుగణాల టిక్కెట్టు నాలుగైదు రూపాయల వఱకు పలికెనని చెప్పుకొందురు.

ఆనాటి యంత్రమును గూర్చి రెండుమాటలు చెప్పక తప్పదు. నటుల కష్టమంతయు అందే యున్నది. బొమ్మయు ధ్వనియు ఒకే ఫిల్ముమీద ఒకేసారి పడెడివి. ఉచ్చారణ తప్పినచో ఆ దోషమును తరువాత దిద్దుటకు వీలులేదు. ఒకరు నటింపగా వేఱొకరి గొంతును అతికించు ఉపాయము అప్పటికి రాలేదు. నేపథ్యగానము మన చిత్రములలో 1935లో గాని అలవాటునకు రాలేదు. కావున 1931 నాటి నటికి ముఖము, అభినయము, స్పష్టమైన హిందూస్తానీ ఉచ్చారణము, పాటపాడు గొంతు, ఈ నాలుగును ఒక్క శరీరముననే యుండవలెను. మొదటి రెండింటిచేత దేశమునేలిన సులోచనను ఆమె కంపెనీయే కడపటి రెండును చూపుమని యడిగినది.

'ఆలం ఆరా'లో నాయిక పాత్రకు మొదట తలంచినది సులోచననే. ఇంపీరియల్ కంపెనీకి ఆమె మూలస్తంభము; తలంచుట న్యాయము. కాని హిందూస్తానీ ఆమెకు ధారాళముగ రాదు. కావున ఆమెను తప్పించి ఆ పాత్రను జుబేదా కిచ్చిరి. జుబేదా సమర్థురాలు, ఆమె తల్లి ఫాతిమాబేగము మనదేశమున చిత్రదర్శకత్వము వహించిన మొదటి స్త్రీ. జుబేదా పాత్రను నిర్వహించి యశస్సు గడించెను. అందు తప్పుపట్టవలసిన దేమియు లేదు.

కాని నాయకుని సంగతి చూడుడు. నాయకుడు మాస్టర్ విఠల్. కత్తియుద్ధములందు ప్రసిద్ధుడు. మఱియొక కంపెనీతో చేసికొన్న ఒప్పందమును విడిచి ఆయన ఇంపీరియల్‌కు రాగా వ్యాజ్యము పుట్టెను. మహమ్మదాలీ జిన్నాగారు ఆయన పక్షమున వాదించి గెలిపించిరి. ఇంత ప్రయాసపడి తెచ్చుకొన్న నాయకునకును భాష సరిగా రాదు! అప్పుడు కంపెనీవారేమి చేసిరి? ఆయనను తప్పింపలేదు, కథను మార్చిరి. నాయకుడు చాలభాగము మైకమున, అర్ధస్మృతిలో నుండునట్లు పాత్రను సవరించి మాటల భారమును తగ్గించిరి. భాష రాని పురుషునకై కథ వంగినది. భాష రాని స్త్రీకై వంగలేదు.

ఈ రెండు నిర్ణయములకును వ్యాపారకారణములు వేఱువేఱుగ నుండియుండవచ్చును. కథకు పేరే నాయిక పేరు. ఆమె మాటాడక తీరదు. ఇట్టి సమాధానమును మేము త్రోసిపుచ్చజాలము. అయినను 'బలిదాన్'లో సమానముగ నిలిచిన ముగ్గురిలో, యంత్రము మాఱిన మొదటిదినమున ఎవరికి సర్దుబాటు లభించెనో, ఎవరికి సెలవు లభించెనో గుర్తించుట అవసరము. ఆ సర్దుబాటైనను విఠల్‌ను చిరకాలము కాపాడలేదు. హిందూస్తానీ వాక్చిత్రములలో ఆయనకు పూర్వపుస్థానము నిలువక తరువాత మరాఠీచిత్రములకు మరలవలసివచ్చెను. భాష రానిదే నిలుకడ లేదని ఆయన చరిత్రయు ఋజువు చేయుచున్నది.

ఇది మనదేశమునకు మాత్రమే పట్టిన చిక్కు కాదు. అమెరికాలో హంగరీ దేశస్థురాలగు విల్మా బాంకీ మూకచిత్రములలో వెలిగి, మాటల కాలము రాగానే తన ఉచ్చారణచేత వెనుకబడెను. స్వీడను దేశస్థురాలగు గ్రేటా గార్బో మాత్రము 1930లో 'అన్నా క్రిస్టీ' చిత్రమున స్వీడను యాస సహజముగ నుండదగిన పాత్రతోనే మాటాడి నిలిచినది. అనగా గార్బో కొఱకు ఆమె కంపెనీ తగిన కథను వెదకినది. ఇచ్చట సీతాదేవి, 'ప్రేమసన్యాస్', 'షిరాజ్', 'ప్రపంచపాశ్' చిత్రములచేత ఐరోపాలో సైతము పేరుగాంచిన నటి, మాటల యుగమున క్రమముగ అదృశ్యమయ్యెను. సులోచనకును అదే గతి పట్టునని ఆనాడు తలంచినవారుండినచో వారిని నిందింపనక్కఱలేదు.

సులోచన అట్లు కానీయలేదు. అప్పటి కామె వయస్సు ఇరువదినాలుగేండ్లు. చేత ధనము కలదు, కీర్తి కలదు. తప్పుకొన్నను గౌరవముగ తప్పుకొనగలదు. ఆమె చిత్రములనుండి యొక సంవత్సరము విరమించి హిందూస్తానీ నేర్చుకొనుటకు కూర్చుండెను. ఆ దినములలోనే మన తెలుగుదేశమున పట్టణములందును, పల్లెలందును పెద్దవయస్సు వచ్చినవారు సైతము దక్షిణభారత హిందీప్రచారసభవారి పరీక్షలకు చదువుచుండిరి. వారి ప్రేరణ వేఱు, ఆమె ప్రేరణ వేఱు. వారిది దేశసేవ, ఆమెది జీవనము. కాని రాని భాషను పెరిగిన నాలుకకు అలవరచుకొనుటలోని శ్రమ ఇరువురకు నొక్కటియే. వేదికమీద వేలజనుల మన్నన లందుకొన్న వ్యక్తి మరల బాలశిక్ష తెఱచుటకు కావలసిన వినయము మాత్రము ఆమె విషయమున అధికమని చెప్పవలెను.

1932లో ఆమె మాటాడెడి 'మాధురి'తో తిరిగివచ్చినది. అది 1928 నాటి మూకచిత్రమునకే పునర్జన్మ. జనము ఆదరించిరి. అది మొదలు ఇంపీరియల్‌వారు ఆమె పూర్వవిజయములను వరుసగా మాటలచిత్రములుగ మార్చిరి. 'ఇందిరా బి.ఏ.' 1934లో 'ఇందిరా ఎం.ఏ.' యయ్యెను, నాయికతోబాటు ఆమె పట్టమునకును పెంపు కలిగినది! 1935లో 'అనార్కలి', 1936లో 'బంబయి కీ బిల్లీ' యను పేర 'వైల్డ్ క్యాట్' మరల వచ్చినవి. 1933లో ఆమె పేరునే చిత్రమునకు పెట్టి 'సులోచన' యను చిత్రమును తీసిరి. భాష రాదని తప్పించిన కంపెనీయే ఏడాది తిరుగకమున్ను ఆమె ముంగిట నిలిచినదన్న, ఆ ఒక్క సంవత్సరపు చదువునకు ఎంత ఫలమో యూహింపుడు.

ఇక్కడ మన తెలుగువారికి సంబంధించిన విషయ మొకటి చెప్పవలసియున్నది. సులోచన యేలిన ఆ ఇంపీరియల్ ఆవరణముననే తెలుగుమాట తెరకెక్కినది. ఆర్దేషిర్ ఇరానీ నిర్మాతగా హెచ్.ఎం. రెడ్డిగారు 1931లో తమిళ తెలుగుమాటలు కలిసిన 'కాళిదాస్' చిత్రమును, పిమ్మట పూర్తిగా తెలుగైన 'భక్తప్రహ్లాద'ను రూపొందించిరి. ఎల్.వి. ప్రసాదుగారు 'ఆలం ఆరా'లోను, ఈ రెండింటిలోను చిన్నవేషములు వేసిరి. 'భక్తప్రహ్లాద'లో లీలావతి సురభి కమలాబాయి. ఆమె సురభి నాటకసమాజముల బిడ్డ. పద్యము, పాట, సంభాషణము పుట్టుకతో అబ్బినవి. మైక్రోఫోను ముందు ఆమె క్రొత్తగా నేర్వవలసిన భాష లేదు. ఒకే కంపెనీ, ఒకే కాలము. ఒక నటిని మైక్రోఫోను నిలిపివేసినది, ఒక నటిని ఆహ్వానించినది. మాటలయంత్రము ఒకరి పొట్టకొట్టిన రాక్షసియనుటయు, కళ నుద్ధరించిన దేవతయనుటయు రెండును సగము సత్యములే. అప్పటివఱకు రంగస్థలమున కట్టుబడియున్న వాచికమునకు అది తలుపు తెఱచినది. కన్నులతో మాత్రమే పలికిన విద్యకు తలుపు మూసినది.

సులోచన భాషను జయించినది, కాలమును జయింపలేకపోయినది. మాటల వెంట పాటలు వచ్చెను. 1932 నాటి 'ఇంద్రసభ'లో దాదాపు డెబ్బది పాటలుండెను. గానమే ప్రధానమైన క్రొత్తతరము బయలుదేరెను: కలకత్తాలో కాననబాల, పూనాలో శాంతా ఆప్టే. బొంబాయి టాకీస్‌లో దేవికారాణి మఱియొక విధమైన నటనమునకు దారితీసెను. ఇంపీరియల్‌వారు మాత్రము సులోచన కొఱకు క్రొత్తకథలు వెదకుటకంటె పాతవిజయములను తిరుగగొట్టుటయే మేలనుకొనిరి. ఈ మార్గము రెండుమూడేండ్లు లాభకరము. ఆపైన నటిని నిన్నటి మనిషిగా ముద్రించును. నటి శ్రమించి మాఱినది, ఆమెకిచ్చిన పాత్రలు మాఱలేదు. మన విచారణకు ఇది ముఖ్యాంశము. 1938 నాటికి ఇంపీరియల్ కంపెనీ మూతపడెను. ఆమె తన పేర 'రూబీ పిక్స్' అను సంస్థను స్థాపించి చూచెను గాని పూర్వవైభవము మరలలేదు. 1947లో దిలీప్‌కుమారు, నూర్జహాను నాయికానాయకులైన 'జుగ్ను'లో ఆమెను ప్రేక్షకులు పార్శ్వపాత్రలో చూచిరి.

1953లో 'అనార్కలి' కథ మరల తెర కెక్కెను. మన తెలుగువారికి అనార్కలి యనగా 1955 నాటి అంజలీదేవి తలపునకు వచ్చును. హిందీవారికి 1953 నాటి బీనారాయ్. ఆ హిందీచిత్రమున సలీము తల్లి జోధాబాయి పాత్ర ధరించినది సులోచన. 1928లో మూగ అనార్కలి, 1935లో మాటాడు అనార్కలి, 1953లో అనార్కలికి అత్త కావలసిన రాణి! ఇరువదియైదేండ్లలో ఒక కథయే మూడుసార్లు ఆమె ముందు నిలిచి, మూడుసార్లును ఆమె వయస్సును కొలిచినది. నలువదియాఱేండ్ల నటి తల్లి వేషము వేయుట అవమానము కాదు. కాని అదే వయస్సు గల నటులు నాయకులుగ నుద్యానవనములందు విహరించుట మన తెరమీద నేటికిని చూచుచున్నాము. 'ఆలం ఆరా'నాటి తక్కెడ యింకను సరికాలేదు.

తరువాత ఆమె చిన్నచిన్న పాత్రలతో కాలము గడిపెను. 1973వ సంవత్సరమునకు భారతప్రభుత్వము దాదాసాహెబు ఫాల్కే బహుమానము నామె కొసగెను. 1983 అక్టోబరు 10వ తేదీన బొంబాయిలో ఆమె కాలధర్మము చెందెను. అప్పటికామె పేరుసైతము ఆమెకు పూర్తిగా మిగులలేదు. హిందీ మరాఠీ చిత్రములందు తల్లి పాత్రలచేత ప్రఖ్యాతురాలైన మఱియొక సులోచన ఉండుటచేత, ఆ పేరు విన్నవారికి ఆమెయే స్ఫురించుచుండెను.

ఇంతకంటె పెద్దనష్ట మొకటి కలదు. మనదేశమున సుమారు 1300 మూకచిత్రములు నిర్మింపబడినవని లెక్క. అందు నేడు మిగిలినవి, తునుకలతో గూడ, కొలదిపాటివి మాత్రమే. ఆ కాలపు ఫిల్ము సులభముగ మండునది. కొంత అగ్నికి ఆహుతియయ్యెను. కొంత గిడ్డంగులలో క్రుళ్లెను. కొంతను వెండి తీసికొనుటకై కరగించిరి. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపించునప్పటికే ఆలస్యమయ్యెను. 'ఆలం ఆరా' ప్రతియే దొరకుటలేదు. ఎనిమిది వేషముల 'వైల్డ్ క్యాట్' నేడు మన కన్నులకు లేదు. పూనాలో పుట్టిన నటి చిత్రములను పూనాలోని భాండాగారము మనకు చూపజాలకున్నది. దేవాలయ శిల్పము విఱిగిన నాడు కన్నీరు కార్చిన జాతి, తన కన్నులయెదుటనే ఒక కళ తగులబడుచుండగా మిన్నకుండెను. తప్పు ప్రభుత్వముది మాత్రమే కాదు. చలనచిత్రమును కాలక్షేపమని చిన్నచూపు చూచిన మన విద్యావంతుల పాలు అందు కలదు.

సులోచన చరిత్రమును విషాదగాథగా మాత్రమే చదువుట అన్యాయము. ఆమె ఓడినది భాషయందు కాదు. అసాధ్యమని తలంచినదానిని ఏడాదిలో సాధించి చూపినది. తన వృత్తియొక్క మార్పునకైన వ్యయమును తానే తన శ్రమతో, తన కాలముతో చెల్లించినది. ఆ మార్పువలన లాభపడిన పరిశ్రమ మాత్రము ఆమె శ్రమకు తగిన పాత్రలను సృష్టింపలేదు. ఆమె పనిని తరువాతివారి కొఱకు భద్రపఱుపలేదు.

నేడును యంత్రములు మాఱుచునే యున్నవి. మానవకంఠమును, ముఖమును సైతము అనుకరించు యంత్రములు స్టూడియోలలో ప్రవేశించుచున్నవి. మన నటులు, గాయకులు, అక్షరములు కూర్చువారు, బొమ్మలు వ్రాయువారు మరల ఓనమాలు దిద్దవలసిన దినములు వచ్చుచున్నవి. నేర్చుకొనవలసినవారు నేర్చుకొందురుగాక, ఆ వినయమునకు సులోచన మార్గదర్శిని. కాని నేర్పవలసిన బాధ్యత, నేర్చుకొన్నవారికి తగిన పని చూపవలసిన బాధ్యత, చేసిన పనిని దాచవలసిన బాధ్యత పరిశ్రమకును, ప్రభుత్వమునకును, ప్రేక్షకులమైన మనకును కలవు. ఒక్క విఠల్ కొఱకు కథను మార్చుకొనగలిగినవారు, తలంచినచో ఎవరికొఱకైనను మార్చుకొనగలరు. తలంపు పుట్టవలెను, అంతియే కావలసినది.